చెనిక్కాయల పాకం పళ్లకు పట్టుకుంటాంది: తప్పు బెల్లానిదా, పాకానిదా?

అనంత_కోడలు
దీపావళికి మా అత్త చేసిన చెనిక్కాయల పాకం, అదే వేరుశనగ చిక్కీ, చేసిన పూట బాగానే ఉండె. తెల్లారేసరికి మెత్తబడిపాయ. కొరికితే పళ్లకు పట్టుకుని వేలు పెట్టి పీక్కోవాల్సి వచ్చె. బెల్లం మంచిది తేలేదని అత్త మామ మీద, పాకం ముదరనీలేదని మామ అత్త మీద. ఆ పంచాయితీ ఇంతవరకు తెగలేదు. ఇప్పుడు సంక్రాంతికి ఆడబిడ్డలు ముగ్గురూ పిల్లలతో దిగుతాండారు, ఐదు కిలోల గింజలకు చేయాల. అంగట్లో కొన్నది వద్దంటారు. గ్లూకోజు గిట్ల ఏమీ లేకుండా, పాతకాలంలో చేసినట్టు, విరిస్తే టక్కుమని విరిగేది కావాల. ఎవరి మాట నిజమో తేల్చండి, ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తా.

పొద్దుటూరు_పెద్దమ్మ
మీ మామ గెలిచినాడు. చేసిన పూట బాగుండి తెల్లారికి మెత్తబడిందంటే పాకంలో ఇంకా నీళ్లు ఉన్నట్టే. బొరుగుల ఉంటలకు పట్టే పాకం వేరే, చెనిక్కాయకు పట్టే పాకం వేరే. చానామంది ఉండపాకం రాగానే గింజలు కుమ్మరిస్తారు. అది బొరుగులకు చాలు, దీనికి చాలదు.

పళ్లెంలో చల్లనీళ్లు పెట్టుకో. పాకం చుక్క వేస్తే మొదట నీళ్లలో కరిగిపోతాది. రోంత సేపటికి వేస్తే మెత్తని ఉండ అవుతాది, నొక్కితే అణుగుతాది. ఇంకా కాగితే గట్టి ఉండ. ఇంకా కాగినాక తీసి పళ్లెం అంచుకు కొడితే టంగుమంటాది, వంచితే వంగకుండా విరుగుతాది. అప్పుడు ఆ ముక్క నోట్లో వేసుకుని కొరికి చూడు. పంటికి అంటకుండా పలపలలాడిందా, దించెయ్. అంటిందా, ఇంకా కాగాల. గట్టి ఉండ అయినాక మంట సన్నం చేసి పొయ్యి దగ్గరే నిలబడాల. అక్కడ ఫోను చూసినావంటే మాడు వాసన వచ్చాది.

రాగిసంకటి
పెద్దమ్మ తీర్పు అయిపాయ. కోడలు ఇంట్లో చదివి వినిపించే ముందు అత్త భోజనం పెట్టిందో లేదో చూసుకో.

ఆదోని_బుడ్డలు
అంత తొందరగా తీర్పు వద్దు. మా నాయన కాలం నుంచి బెల్లం వ్యాపారం మాది, బెల్లం తరఫున నేను మాట్లాడతా. దీపావళి నాటికి అంగట్లో ఉండేది చాలావరకు పోయిన సీజను సరుకు. వానాకాలం అంతా గోడౌన్లో చెమ్మ పీల్చుకుని ఉంటుంది. పైన తడి తడిగా, కొన్ని దిమ్మెలు నల్లబడి కారుతుంటాయి. ఆ బెల్లాన్ని పెద్దమ్మ చెప్పినట్టు ఎంత కాచినా మాడుతుందే తప్ప గట్టిపడదు. ఒకవేళ గట్టిపడినా మరుసటి రోజుకు మళ్లీ జిగురే. కాబట్టి అత్తమ్మ మాట కూడా కొట్టిపారేసేది కాదు.

రాగిసంకటి
ఇద్దరూ గెలిచిన పంచాయితీ మా సీమలో ఇదే మొదటిసారి చూస్తాండా.

కర్నూలు_కెమిస్ట్రీ
పెద్దమ్మ, ఆదోని అన్న ఇద్దరూ చెప్పింది సరిగ్గానే ఉంది. కారణం చెప్తాను, పాఠం అనుకోకండి.

పాకం మరిగే కొద్దీ నీళ్లు పోతాయి, వేడి పెరుగుతుంది. మెత్తని ఉండ వచ్చేది 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అప్పటికి పాకంలో నూటికి పదిహేను పాళ్ల వరకు నీళ్లు ఉంటాయి. గట్టి ఉండ 121 నుంచి 130. టంగుమని విరిగేది 146 దాటాక. అప్పుడు నీళ్లు నూటికి ఒక పాలు మాత్రమే. టక్కుమని విరగడం, కరకర అంతా ఆ ఒక పాలు దగ్గరే వస్తుంది. ఇది మామయ్య పక్షం.

ఇక అత్తయ్య పక్షం. బెల్లంలో అసలు చక్కెరతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా కొంత ఉంటాయి. బెల్లం పాతబడి చెమ్మ పట్టే కొద్దీ అసలు చక్కెర విడిపోయి ఆ రెండూ పెరుగుతాయి. ఫ్రక్టోజుకు గాల్లో తేమ పీల్చే గుణం చాలా ఎక్కువ. అందుకే పాకం ముదిరినా ముసురు పట్టిన రోజున, డబ్బా మూత సరిగా లేకపోతే పైన జిగురు కడుతుంది.

థర్మామీటరుంటే 146 దాటగానే దించేయండి. బెల్లం పంచదారలాగా శుద్ధి చేసింది కాదు, తొందరగా మాడుతుంది.

ధర్మవరం_జరీ
మా ఇంట్లో థర్మామీటరుంది సార్. జ్వరానిది. పనికొస్తాదా?

కర్నూలు_కెమిస్ట్రీ
అది 42 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పాకంలో పెడితే పగిలి, పాతరకమైతే పాదరసం కూడా చిక్కీలో కలుస్తుంది. సరదాకైనా అలాంటివి రాయకండి, ఎవరో ఒకరు చేసి చూస్తారు.

పొద్దుటూరు_పెద్దమ్మ
మా అమ్మకు డిగ్రీలు తెలీవు, ఆమె పాకం ఎప్పుడూ అంటుకోలేదు. పళ్లెం, నీళ్లు, చెవి. ఇంక చాలు.

అనంత_కోడలు
ఆదోని అన్నా, ఇప్పుడు మా దగ్గర అంగట్లో రెండు రకాలుండాయి. ఒకటి పసుపుపచ్చగా మెరుస్తాంది, ఇంకొకటి ముదురు ఎరుపు. ఏది కొనాల?

ఆదోని_బుడ్డలు
పసుపుగా తళతళలాడేదాన్ని ముందు పక్కన పెట్టు తల్లీ. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు కొన్ని చోట్ల. చూపుకు బాగుంటుంది, అంతే. ఎరుపుది తీసుకో, కానీ రంగు ఒక్కటే చూసి కాదు. గట్టిగా ఉండాలి. పగలగొడితే లోపల గరుకుగా, సన్న రవ్వగా కనపడాలి. గోరుతో గీరితే పొడి రాలాలి, జిగురు సాగకూడదు. నాలుకకు ఉప్పగా తగిలితే వద్దు. అంగడివాళ్లు పాకం బెల్లం అని మెత్తగా ఉండేది ఇస్తారు, అది అరిసెలకు బాగుంటుంది, నీ పనికి రాదు. కొత్త గానుగ బెల్లం చిత్తూరు వైపు నుంచి వచ్చే కాలమే ఇది. కొత్తదే అడుగు.

ఇంకోటి. కరిగించాక వడగట్టకుండా వాడొద్దు. ఇసుక, చెరకు పిప్పి ఎంతో కొంత ఉంటాయి.

హిందూపురం_హళ్ళి
మాకు మండ్య బెల్లమే వస్తుంది, దిమ్మెలు చిన్నవి. మా ఊళ్లో సంక్రాంతికి పాకమే పట్టం. ఎళ్లు బెల్ల అని నూగులు, వేయించిన చెనిక్కాయ బద్దలు, పుట్నాల పప్పులు, ఎండుకొబ్బరి ముక్కలు, బెల్లం ముక్కలు కలిపి ఇల్లిల్లూ పంచుతాం. పాకం గొడవ లేదు, అత్తామామల గొడవా లేదు.

రాగిసంకటి
గొడవ లేకపోతే అది పండగెట్లయితాదప్పా.

కళ్యాణదుర్గం_కాపు
అందరూ బెల్లం మీద పడ్డారు. గింజ గురించి ఒకరన్నా అడిగితిరా? పండించేటోనిగా నాలుగు మాటలు.

ఖరీఫులో వేసిన కాయ పీకి, కల్లంలో ఎండబెట్టి, ఇండ్లకు చేరేది ఇప్పుడే. సరిగా ఎండని కాయ వలిచి వేయిస్తే పైన మాడతాది, లోపల పచ్చి. కాయ చెవి దగ్గర పెట్టి ఆడిస్తే గలగలమనాల. గింజ రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపితే పొట్టు జారాల. లేకపోతే ఇంకో రెండెండలు పెట్టండి.

మాకు టీఎంవీ-2 రకం గింజ చిన్నది, తియ్యనిది, పాకానికి మా అమ్మ అదే ఏరేది. ఇప్పుడు కదిరి-6 ఎక్కువ దొరుకుతాది, అదీ మంచిదే. పెద్ద గింజల రకాలు చూసేదానికి బాగుంటాయి, పాకం మధ్య సందులు ఎక్కువ పడి పలక చెదురుతాది. ఇది నా లెక్క, కాదనేవాళ్లుంటే చెప్పండి.

ముడతలు పడినవి, పచ్చగా నల్లగా బూజు పట్టినవి, చేదువి ఒక్కటి కూడా పోనీయొద్దు. కోతకు ముందు బెట్ట పడిన ఏడు ఆ బూజు ఎక్కువ. దాని విషం వేయించినా పోదు.

అన్నిటికంటే ముఖ్యం: విత్తనశుద్ధి చేసి మిగిలిన గింజలు తినేదానికి వాడొద్దు. మాంకోజెబ్ లాంటి మందు పట్టించిన గింజలవి. కడిగినా, ఎండబెట్టినా, వేయించినా వాడొద్దు. ఇంట్లో రెండు సంచులు పక్కపక్కన పెట్టి పొరపాటు పడే రైతు ఇండ్లు ఉన్నాయి.

ధర్మవరం_జరీ
కాపన్న ఈ ఒక్క పోస్టుతో మొత్తం చర్చ గెలిచినాడు.

కర్నూలు_కెమిస్ట్రీ
ఆ బూజు విషం పేరు అఫ్లాటాక్సిన్. కాపన్న చెప్పింది అక్షరాలా నిజం, కాలేయానికి హాని. చేదు గింజ నోట్లో పడితే నమిలి మింగకుండా ఊసేయడమే మంచిది.

నంద్యాల_నీరజ
కొలత ఎవరూ చెప్పలేదు. కిలో గింజలకు ఎంత బెల్లం? నీళ్లు ఎన్ని?

సంఘం_లీడరక్క
మా మహిళా సంఘం పండగలకు ఆర్డర్లు తీసుకుని చేస్తాది, కదిరి దగ్గర. కాబట్టి కొలత నేను చెప్తా.

పొట్టు తీసిన గింజలు కిలోకి బెల్లం ముప్పావు కిలో. నీళ్లు బెల్లం కరిగేదానికి సరిపోయేంతే, చిన్న గ్లాసు. ఎక్కువ పోస్తే ఏమీ చెడదు, ఆ నీళ్లన్నీ మళ్లీ ఇగరబెట్టేదానికి గ్యాసు దండగ.

ఐదు కిలోలు ఒకేసారి పెట్టొద్దు. ఇది గట్టిగా చెప్తాండా. కిలో కిలోకు వేరే పాకం పట్టాల. ఎక్కువ పాకం అయితే గింజలు కలిపేలోపు అడుగున బిగిసిపోతాది, మీదది ఇంకా కారుతాంటాది. ఒకరు పాకం చూస్తే ఒకరు బండ దగ్గర తయారుగా ఉండాల.

గింజలు సన్న సెగన వేయించండి. మాకు బొరుగుల బట్టీలో ఇసుకలో వేయించి ఇస్తారు, అన్నీ ఒకే రంగులో వస్తాయి. ఇంట్లో బాండలిలో అయితే కలుపుతానే ఉండాల. చల్లారినాక గోనెపట్టా మీద రుద్ది, చేటతో చెరిగితే పొట్టు, మొలకముక్కు పోయి బద్దలు మిగులుతాయి. బద్దలైతేనే పలక దట్టంగా వస్తాది. పాకంలో వేసే ముందు గింజలు గోరువెచ్చగా ఉండాల. చల్లని గింజలు వేస్తే పాకం అక్కడికక్కడే గడ్డకడతాది.

దించినాక యాలకుల పొడి, రోంత ఉప్పు, చెంచా నెయ్యి. గింజలు వేసి నాలుగు తిప్పులు తిప్పి, నెయ్యి రాసిన బండ మీద పోసి, నెయ్యి రాసిన అప్పడాల కర్రతో తాటించండి. వేడి మీదనే కత్తితో గీతలు పెట్టండి, చల్లారినాక గీత వెంబడే విరుగుతాది. చల్లారినాక కోయబోతే రాళ్లే.

పొద్దుటూరు_పెద్దమ్మ
ముప్పావు కిలోనా? మా ఇంట్లో సరిసమానం. కిలోకి కిలో. అమ్మేవాళ్లు బెల్లం తగ్గించుకుంటారులే.

సంఘం_లీడరక్క
చెనిక్కాయల కంటే బెల్లం అగ్గువ పెద్దమ్మా. తగ్గించేది మిగుల్చుకునేదానికి అయితే బెల్లం పెంచి గింజలు తగ్గించేదాన్ని.

రాగిసంకటి
పెద్దమ్మకు ఇది తగిలింది.

పొద్దుటూరు_పెద్దమ్మ
సరే, లెక్క బాగుంది. అయినా ఉంటలు చుట్టేదానికి సమానం బెల్లం లేకపోతే పట్టు దొరకదు. పలకకు నీ కొలత, ఉంటకు నా కొలత.

గండికోట_గాలి
బండ అంటే గుర్తొచ్చింది. కడప బండ మీద పోస్తాన్నారు కదా చాలామంది. నెయ్యి పూసి పోస్తే ఏమీ కాదు. కానీ ఎవరైనా నిమ్మకాయ పిండిన పాకం పోసేటట్టయితే దాని మీద వద్దు. అది సున్నపురాయి జాతి, పులుపు తగిలిన చోటల్లా తెల్లగా మచ్చ పడిపోతాది. మా వంటింటి బండ మీద ఇప్పటికీ ఉంది ఆ మచ్చ.

నంద్యాల_నీరజ
మాది బేతంచెర్ల బండ. దానికీ అంతేనా?

గండికోట_గాలి
అంతే. నాపరాళ్లన్నీ అంతే.

బెంగళూరు_బస్సు
మాది అనంతపురమే, ఉద్యోగం బెంగళూరు. ఇక్కడ దొరికే చిక్కీ గాజు పలకలా మెరుస్తుంది, అందులో లిక్విడ్ గ్లూకోజు ఉంటుందంటారు. అది నిజంగా చెడ్డదా లేక మనకు పాతది మీద మోజా? ఇంకోటి, వంటసోడా చిటికెడు వేస్తే కొరకడానికి తేలిగ్గా ఉంటుందని విన్నాను. తమిళనాడు కోవిల్‌పట్టి కడలై మిఠాయికి (అక్కడి చెనిక్కాయల చిక్కీకి) 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన చెనిక్కాయల సీమకు అలాంటిది ఎందుకు లేదో.

కర్నూలు_కెమిస్ట్రీ
చెడ్డదేం కాదు. పంచదార పాకంలో గ్లూకోజు గానీ నిమ్మరసం గానీ లేకపోతే చల్లారేటప్పుడు చక్కెర రవ్వ కట్టి గరుకుగా తయారవుతుంది. అది ఆపడానికే. బెల్లంలో ఆ పని చేసేవి ముందే ఉన్నాయి, కాబట్టి మనకు అవసరం లేదు. సోడా వేస్తే బెల్లంలోని పులుపుతో కలిసి బుడగలు వస్తాయి, పలక గుల్లగా ఉంటుంది, రంగు కాస్త ముదురుతుంది.

పొద్దుటూరు_పెద్దమ్మ
సోడా వేస్తే సోడా రుచే. పండ్లు బాగుండే పిల్లలకు అది ఏంటికి?

బెంగళూరు_బస్సు
పళ్లు బాగలేని మా నాయన కోసం అడిగా పెద్దమ్మా.

గండికోట_గాలి
నాయనకు పాకం మాట వదిలెయ్ అన్నా. వేయించిన చెనిక్కాయలు, బెల్లం రోట్లో వేసి దంచు. దంచే కొద్దీ గింజలోంచి నూనె ఊరుతాది, ముద్ద అదే కలుస్తాది. కొంచెం ఎండుకొబ్బరి, యాలకులు. ఉంటలు చుట్టు. పండ్లు లేని మా జేజికి ఇవే. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పు, లేకపోతే జారుగా పేస్టు అయిపోతాది.

ధర్మవరం_జరీ
మా పిల్లోనికి బడిలో మధ్యాహ్నం అన్నంతో చిక్కీ ఇస్తారు. ఇంట్లో పాకం పట్టిన వాసన రాగానే "మళ్ళీ అదేనా" అంటాడు. పండగ పిండివంట స్థాయి నుంచి బడి చిరుతిండికి దిగిపోయింది పాపం.

కళ్యాణదుర్గం_కాపు
పిల్లోడు తినకపోతే మా కల్లంలో పనిచేసేవాళ్లకు పంపు. ఒక్క ముక్క మిగలదు.

అనంత_కోడలు
చేసినాం. అందరికీ చెప్తా, ఇంట్లో చదివి వినిపించినా.

బెల్లం ఆదోని అన్న చెప్పినట్టు గోరుతో గీరి చూసి కొత్తది తెచ్చినాడు మా మామ, అంగడాయన విసుక్కున్నాడంట. మా అత్తకు నమ్మకం కుదరక దీపావళి నాటి పాత బెల్లం డబ్బాలో మిగిలింది తీసింది. రెండూ గరిటెడు గరిటెడు వేర్వేరుగా కాచి చూస్తామని పెట్టినాం. పాతది ముదిరేకొద్దీ నల్లబడింది, నీళ్లలో వేస్తే గట్టిగా తగిలింది గానీ పంటికి పట్టుకుంది. ఇంకా కాస్తే మాడింది. కొత్తది పెద్దమ్మ చెప్పిన టంగు దగ్గరికి వచ్చింది. ఇంగ కొత్తదే కాచి మెత్తని ఉండ దగ్గరే దించితే అదీ పళ్లకు అంటుకుంది. అంటే ఇద్దరూ సగం సగం. మా మామ ఇది ఒప్పుకోలేదు, "నా సగం పెద్దది" అంటాడు.

పలకలు బాగా వచ్చినాయి. కిలో కిలోకు చేసినాం, లీడరక్క మాట వినడం మంచిదయింది. మొదటి కిలో తాటించేలోపే బిగిసిపోయి మా అత్త ఉంటలు చుట్టేసింది, చేతులు కాలకుండా నెయ్యి, చల్లనీళ్లు పక్కన పెట్టుకుని. ఆ తర్వాతవి బండ ముందే కొంచెం వేడి చేసుకున్నాం, మా ఆడబిడ్డ ఆలోచన.

పొద్దుటూరు_పెద్దమ్మ
బండ వేడి చేయడం నాకూ తెలీదు. ఈసారి చేస్తా. కానీ కాగే పాకం దగ్గరికి పిల్లలను రానీయొద్దు. నీళ్లు పడినట్టు కాదు, అంటుకుని ఉండిపోతాది, లోతుగా కాలుతాది.

నంద్యాల_నీరజ
పాకం పట్టిన గిన్నె రాయిలా గట్టిపడింది, ఎట్లా కడగాలి?

సంఘం_లీడరక్క
గీకొద్దు. గిన్నె నిండా నీళ్లు పోసి మరిగించు, అదే కరుగుతాది. ఆ నీళ్లు పారబోయకుండా శొంఠి వేసి తాగేస్తాం మేము. గేదెలుంటే కుడితిలో పోయి.

బెంగళూరు_బస్సు
అనంతపురం నుంచి తెచ్చుకునే డబ్బాలో ఎన్నాళ్లు ఉంటుంది?

సంఘం_లీడరక్క
బాగా చల్లారినాకే డబ్బాలో పెట్టాల. వేడిగా మూసితే ఆవిరి చేరి చెమ్మ అయితాది. ఒక్కో వరుసకు మధ్య బటర్ పేపరు. చెమ్మ తగలకుంటే నెల పైనే ఉంటాది. చెనిక్కాయలో సగానికి దగ్గర నూనె కాబట్టి ఇంకా ఎక్కువ రోజులు పెడితే కారువాసన వచ్చేస్తాది. ఫ్రిజ్జులో పెట్టొద్దు, బయటికి తీయగానే పైన తడి పడతాది.

హిందూపురం_హళ్ళి
నూగులకు కూడా ఇదే పాకమా?

పొద్దుటూరు_పెద్దమ్మ
ఉంటలకైతే గట్టి ఉండ చాలు, చెనిక్కాయ దాకా పోవొద్దు. నూగులు సన్నవి, టంగు దాకా పోతే రెండో ఉంట చుట్టేలోపు బాండలిలోనే బిగిసిపోతాది. పలకలు చేస్తే మాత్రం ఇదే. నూగులు చిటపటమనేదాకే వేయించు, ఎక్కువైతే చేదు.

హిందూపురం_హళ్ళి
సరే, రేపు ఉంటలే చేస్తా.

రాగిసంకటి
కోడలా, మీ మామ "నా సగం పెద్దది" అన్నప్పుడు అత్త ఏమనింది?

అనంత_కోడలు
పలకల డబ్బా ఆమె గదిలో పెట్టుకుని తాళమేసింది.